పతకమూ, మంచమూ – న్యూయార్కు 55వ నంబరు ఫైర్ స్టేషన్ చరిత్ర

మన మొహల్లాలో ఫైరింజన్ గంట వినిపించిందంటే అన్నం ముందు కూర్చున్న పిల్లవాడు కూడా చెయ్యి కడుక్కోకుండానే వీధిలోకి పరుగెత్తుతాడు. పెద్దవాళ్ళు "ఎక్కడ? ఎవరిల్లు?" అని ఆరా తీస్తారు. ఆ ఎర్ర బండి మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా అందరి కళ్ళూ దాని వెంటే ఉంటాయి. మంట ఆరిపోయాక మాత్రం ఆ బండిలో వచ్చినవాళ్ళెవరో, వాళ్ళ పేర్లేమిటో, తిరిగి స్టేషనుకు వెళ్ళి ఏం తిన్నారో, ఎక్కడ పడుకున్నారో అడిగేవాడుండడు.

ఈ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంఘం పెద్దలు కోరినప్పుడు మేము ఆ అడగని ప్రశ్ననే తీసుకున్నాము. అందుకు దూరదేశంలోని ఒక స్టేషనును ఎంచుకున్నాము. అది అమెరికాలో న్యూయార్కు నగరపు మన్‌హట్టన్ భాగంలో, బ్రూమ్ వీధి 363వ నంబరు ఇంట ఉన్న 55వ ఇంజన్ కంపెనీ. కంపెనీ అనగానే వ్యాపారమనుకోవద్దు. అక్కడ నీళ్ళ పంపు బండి మీద వెళ్ళే జట్టును ఇంజన్ కంపెనీ అనీ, నిచ్చెనల బండి మీద వెళ్ళే జట్టును లాడర్ కంపెనీ అనీ పిలుస్తారు. ఒక్కో జట్టుకు ఒక నంబరు, ఒక ఇల్లు.

ఆ ఇంటి చరిత్రలో రెండు వస్తువులు మమ్మల్ని బాగా ఆలోచింపజేశాయి. ఒకటి గుండె మీద తగిలించే పతకం. రెండోది పై అంతస్తులో వేసిన ఇనుప మంచం. ధైర్యానికి గుర్తింపు ఎలా వస్తుందో, ఎందుకు రాకుండా పోతుందో తెలియాలంటే ఈ రెండింటినీ కలిపి చూడాలి.

బకెట్ల కాలం

న్యూయార్కు మొదట డచ్చివారి వలస పట్టణం. అప్పటి పేరు న్యూ ఆమ్‌స్టర్‌డామ్. ఇళ్ళు కర్రవి, కొన్ని ఇళ్ళకు పొగగొట్టాలు కూడా కర్రవే. 1648లో గవర్నరు పీటర్ స్టయ్వెసాంట్ పొగగొట్టాలు తనిఖీ చేయడానికి నలుగురు వార్డెన్లను నియమించాడు. రాత్రిపూట గిలక్కాయల వంటి కర్ర సాధనాలు గిరగిర తిప్పుతూ గస్తీ తిరిగేవాళ్ళుండేవారు. మంట కనబడితే ఆ చప్పుడుకు ఊరంతా లేచి, తోలు బకెట్లు పట్టుకొని వరుసగా నిలబడి, చేతి నుంచి చేతికి నీళ్ళందించేది. 1731లో లండన్ నుంచి రెండు చేతి పంపులు ఓడ మీద వచ్చాయి. అటు తర్వాత సుమారు 130 ఏళ్ళు నగరాన్ని కాపాడినవాళ్ళు జీతం లేని స్వచ్ఛంద దళాలవాళ్ళే.

1835 డిసెంబరు 16 రాత్రి పుట్టిన మంట ఆ దళాల శక్తికి మించిపోయింది. చలికి నది గడ్డకట్టింది. మంచు పగలగొట్టి నీళ్ళు తోడితే ఆ నీళ్ళు గొట్టాల్లోనే గడ్డకట్టాయి. వందలాది భవనాలు బూడిదయ్యాయి. ఇన్సూరెన్సు కంపెనీలు ఎన్నో దివాలా తీశాయి. దాంతో నీటి సరఫరా పథకానికి ఊపు వచ్చి, 1842లో క్రోటన్ కాలువ ద్వారా నగరానికి దూరం నుంచి నీళ్ళొచ్చాయి. దళాల మధ్య పోటీ మాత్రం తగ్గలేదు. ఎవరి గొట్టం ముందు తగిలించాలన్న దాని మీద వీధిలోనే ముష్టియుద్ధాలు జరిగేవి, ఇల్లు తగలబడుతూనే ఉండేది. చివరకు 1865లో స్వచ్ఛంద దళాలను రద్దు చేసి, జీతాల మీద పనిచేసే అగ్నిమాపక శాఖను ఏర్పాటు చేశారు.

ఆ స్వచ్ఛంద దళాల కాలం నుంచే ఒక స్త్రీ పేరు చెప్పుకుంటూ వస్తున్నారు. ఆమె పేరు మోలీ విలియమ్స్. నల్లజాతి స్త్రీ, ఒక వ్యాపారి ఇంట బానిస. 1818 మంచు తుఫానులో 11వ నంబరు దళం మగవాళ్ళు జబ్బుపడి మంచాన ఉంటే, ఆమె తాళ్ళు పట్టుకొని మంచులో పంపు బండిని లాగిందంటారు. అమెరికాలో తొలి మహిళా ఫైర్‌మన్‌గా ఈనాడు ఆమెనే స్మరించుకుంటున్నారు. ఆమెకు పతకమెవరు ఇస్తారు? అప్పటికింకా పతకమే లేదు. ఉన్నా, బానిసకు ఇచ్చేవాళ్ళు లేరు.

బ్రూమ్ వీధి ఇల్లు

1898 జనవరి 1న అయిదు భాగాలు కలిసి నేటి మహానగరం ఏర్పడింది. ఆ ఉత్సాహంలోనే, 1898-99లో, 55వ ఇంజన్ కంపెనీకి బ్రూమ్ వీధిలో కొత్త ఇల్లు కట్టారు. దాన్ని రూపొందించినవాడు ఆర్.హెచ్. రాబర్ట్‌సన్ అనే ప్రసిద్ధ వాస్తుశిల్పి. స్థలం ఇరుకైనా ముఖద్వారం పెద్దది, గంట కొట్టగానే బండి నేరుగా వీధిలో పడేట్టు. మనం చూస్తే బ్యాంకో కోర్టో అనుకునేటంత హుందాగా ఉంటుంది. నగరపాలకులు 1998లో దాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించారు.

చుట్టూ ఉన్నది లిటిల్ ఇటలీ అనే పేట. ఇటలీ నుంచి పొట్ట చేత పట్టుకొని వచ్చినవాళ్ళు ఇరుకిరుకు గదుల్లో, ఒక్కో అంతస్తులో అనేక కుటుంబాలుగా బతికేవారు. అందుకే ఆ స్టేషనుకు ఇటాలియన్ భాషలో "చింక్వాంత చింక్వే" అనే ముద్దుపేరు వచ్చింది. అర్థమేమీ లేదు, యాభై అయిదు అనే అంకె మాత్రమే! పేటవాళ్ళు మాత్రం దాన్ని తమ ఇంటిపేరులా పలికారు.

అప్పటి ఫైర్ స్టేషన్ల లోపలి సంగతి కొంత చెప్పాలి. కింద ఆవిరి పంపు బండి, వెనక గుర్రాల కొట్టాలు. గుర్రాల సరంజామా పైకప్పు నుంచి తాళ్ళతో వేలాడుతూ ఉండేది. గంట మోగగానే గుర్రాలు వాటంతట అవే వచ్చి దాని కింద నిలబడేవి, తాడు లాగితే సరంజామా వీపు మీద పడేది. పై అంతస్తులో వరుసగా మంచాలు. నేలలో గుండ్రటి రంధ్రం, అందులోంచి కిందికి నున్నటి స్తంభం. మెట్లు దిగే వ్యవధి లేనివాళ్ళు ఆ స్తంభం పట్టుకొని జర్రున జారేవారు. ఆ స్తంభం ఉపాయం పుట్టింది 1878లో, షికాగోలో, నల్లజాతివారితో నడిచే 21వ ఇంజన్ కంపెనీలో. అక్కడి గడ్డి అటక నుంచి జార్జి రీడ్ అనే ఫైర్‌మన్ ఒక కర్ర పట్టుకొని జారడం చూసి, కెప్టెన్ డేవిడ్ కెన్యన్ స్తంభం నాటించాడు. మొదట మిగతా స్టేషన్లవాళ్ళు నవ్వారట. ఆ 21వ కంపెనీ మంట దగ్గరికి అందరికంటే ముందు చేరుతూ ఉంటే నవ్వు ఆగిపోయి, ఊరూరా స్తంభాలు లేచాయి.

ఆ రోజుల్లో ఫైర్‌మన్‌కు స్టేషనే ఇల్లు. రాత్రీ పగలూ అక్కడే. ఇంటికి వెళ్ళే గంటలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. తర్వాత షిఫ్టులు వచ్చినా మంచాలు అవే. ఒక షిఫ్టువాడు లేచిన మంచం మీద మరో షిఫ్టువాడు పడుకోవాలి. కలిసి వండుకోవాలి, ఒకే బల్ల మీద తినాలి, పక్క పక్క మంచాల మీద నిద్రపోవాలి, నిద్రలోంచి లేచి ఒకే మంటలోకి దూరాలి. కాబట్టి అక్కడ "నువ్వు మాలో ఒకడివి కావు" అని చెప్పడానికి మాటలక్కరలేదు, మంచం చాలు. ఈ సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది.

పతకం ఎలా పుట్టింది

జీతాల శాఖ వచ్చిన నాలుగేళ్ళకు, 1869లో, న్యూయార్కు అగ్నిమాపక దళానికి మొదటి సాహస పతకం ఏర్పడింది. "న్యూయార్క్ హెరాల్డ్" పత్రిక స్థాపకుడు జేమ్స్ గోర్డన్ బెన్నెట్ పేరు మీద అది వచ్చింది. సుమారు రెండు దశాబ్దాలు ఆ శాఖలో సాహసానికి అదొక్కటే పతకం. తర్వాత దాతలు, కుటుంబాలు, సంఘాలు మరెన్నో పతకాలు నెలకొల్పినా, ఆ ఏడాది సాహసాలన్నిటిలోకీ శిఖరమనదగ్గ దానికి ఇచ్చేది మాత్రం మొదటి పతకమే. ఏటా ఒక రోజున, నగర ప్రముఖుల ఎదుట, భార్యాబిడ్డలు చూస్తుండగా, వరుసగా పేర్లు పిలిచి పతకాలు తొడుగుతారు. పతకధారి కథను అచ్చువేసి పుస్తకంగా కూడా ఇస్తారు.

ఇక్కడ మన పాఠకులు ఒక విషయం గమనించాలి. పతకం మంట దగ్గర పుట్టదు, కాగితం మీద పుడుతుంది. ఒకడు పొగలో పాకుతూ వెళ్ళి బిడ్డను తెచ్చాడనుకోండి. ఆ సంగతి పై అధికారి నివేదికగా రాయాలి. ఎన్నో అంతస్తు, గొట్టంలో నీళ్ళు వచ్చాయా లేదా, వెనక్కి వచ్చే దారి ఉందా, ప్రాణానికి ఎంత ముప్పు, సాక్షులెవరు – ఇవన్నీ వివరంగా ఉండాలి. పై అధికారుల మండలి వాటిని తూచి, ముప్పు ఎంతటిదో నిర్ణయించి, తరగతి నిశ్చయిస్తుంది. పద్ధతి మంచిదే. పుకారుకు పతకం పోకూడదు కదా!

కాని ఈ పద్ధతికి ఒక షరతుంది. రాసే చెయ్యి ఉండాలి. పక్కవాడు చూసి "అవును, నా కళ్ళతో చూశాను" అనాలి. పక్కవాడు మొహం తిప్పుకుంటే, కెప్టెన్ కలం తియ్యకపోతే, ఆ సాహసం పొగతోపాటే కలిసిపోతుంది. అలా కలిసిపోయినవి ఎన్నో లెక్క తేల్చేవాళ్ళెవరూ లేరు.

1919 జనవరి

ఈ నేపథ్యంలో 55వ స్టేషన్ తలుపు తట్టిన మనిషి వెస్లీ విలియమ్స్. 1897లో మన్‌హట్టన్‌లో పుట్టినవాడు. తండ్రి జేమ్స్ విలియమ్స్ గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషనులో ఎర్రటోపీ కూలీల పెద్ద. మన పెద్ద స్టేషన్లలో ఎర్ర చొక్కా కూలీలు ఎలాగో, అక్కడ ఎర్రటోపీవాళ్ళు అలాగ. పెద్ద పెద్దవాళ్ళ పెట్టెలు మోసి వాళ్ళతో పరిచయం సంపాదించినవాడు, తన మనుషులకు గౌరవం నేర్పినవాడు. కొడుకు తపాలా బండి నడిపేవాడు. శరీరం ఉక్కు. ఫైర్‌మన్ ఉద్యోగానికి దేహదారుఢ్య పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్నాడు.

అతనికి ముందు ఆ శాఖలో నల్లజాతివారు ఇద్దరే చేరారు. 1898లో చేరిన విలియమ్ నికల్సన్‌ను మంట దగ్గరికి పంపకుండా శాఖవారి గుర్రాల వైద్య విభాగంలో పనికి పెట్టారు. 1914లో జాన్ వుడ్సన్ చేరాడు. మూడోవాడు విలియమ్స్. మన్‌హట్టన్ స్టేషన్లలో మాత్రం అతనే మొదటివాడు.

1919 జనవరి 10న అతను బ్రూమ్ వీధి ఇంట్లో అడుగుపెట్టాడు. ఆ రోజే అక్కడి కెప్టెన్ రిటైరయిపోయాడు. నల్లవాడున్న జట్టుకు నాయకుణ్ణనిపించుకోవడం కంటే ఉద్యోగం మానుకోవడం మేలనుకున్నాడట. మిగతావాళ్ళు మూకుమ్మడిగా బదిలీ కోరారు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. బదిలీ ఇచ్చి ఉంటే విలియమ్స్ ఒక్కడే ఆ ఇంట మిగిలేవాడు! వాళ్ళుండిపోయారు గాని మాట కలపలేదు. అతని మంచం వేరు. ఆ మంచం మీద ఇంకొకరు పడుకోరు, ఇంకొకరి మంచం మీద అతన్ని పడుకోనివ్వరు.

ఒక కథ ఇప్పటికీ ఆ శాఖలో చెప్పుకుంటారు. తోటి ఫైర్‌మన్ ఒకడు తగవుకు దిగితే, విలియమ్స్ "పద, నేలమాళిగలోకి వెళ్దాం" అన్నాడట. ఇద్దరూ దిగారు. కాసేపటికి మెట్లెక్కి వచ్చింది విలియమ్స్ ఒక్కడే. ఆ తర్వాత పిడికిళ్ళ భాష తగ్గిందంటారు. కాని మేము ఈ కథను పెద్దగా పొగడబోము. పిడికిలితో ఒకణ్ణి కూర్చోబెట్టవచ్చు గాని పక్క మంచం మీద మనిషిని పడుకోబెట్టలేం కదా.

అతను గెలిచిన దారి వేరు. మంటలప్పుడు గొట్టం పట్టుకొని ముందు నిలిచాడు, ఖాళీ వేళల్లో పుస్తకం పట్టుకున్నాడు. మాట్లాడేవాళ్ళు లేని ఇంట్లో చదువుకు కావలసినంత నిశ్శబ్దం! ప్రమోషన్లు పరీక్షల మీద నడిచేవి. పతకానికి పక్కవాడి సాక్ష్యం కావాలి, పరీక్షకు అక్కరలేదు. జవాబు కాగితం దిద్దేవాడికి రాసినవాడి రంగు కనబడదు. 1927లో లెఫ్టినెంటయ్యాడు, ఆ శాఖలో ఆ హోదా పొందిన మొదటి నల్లజాతీయుడు అతనే. 1934లో కెప్టెనయ్యాడు. 1938లో బెటాలియన్ చీఫ్, అంటే అనేక కంపెనీల మీద అధికారి. మొదట ఎవరు తన పక్కన పడుకోమన్నారో అలాంటివాళ్ళే ఇప్పుడు మంట దగ్గర అతని ఆజ్ఞ కోసం ఎదురు చూశారు.

ఒక సంఘం పుట్టుక

విలియమ్స్ ఒక్కడూ పైకి వచ్చినంత మాత్రాన స్టేషన్లలో మంచాలు మారలేదు. ఇంకా నల్లజాతి ఫైర్‌మన్లు కొద్దికొద్దిగా చేరుతున్నారు. వెళ్ళిన ప్రతి స్టేషన్‌లో వాళ్ళకు ఒక ప్రత్యేక మంచం, తరచుగా మరుగుదొడ్డి పక్కన. ఒక్కొక్కడు ఒక్కో స్టేషన్‌లో ఒంటరిగా ఉన్నంతకాలం అది ఆ ఒక్కడి బాధ. నలుగురూ కలిసి కూర్చుని చెప్పుకున్నప్పుడే అది పద్ధతి అని తేలింది.

1940లో విలియమ్స్ ముందుండి వల్కన్ సొసైటీ అనే సంఘం పెట్టాడు. వల్కన్ అంటే పాత రోమన్ కథల్లో అగ్నికి అధిదేవత. అంత పెద్ద శాఖలో ఆనాడు నల్లజాతివారు యాభై దరిదాపు. సంఘం నడిపినవాళ్ళకు తెలుసు, అంత కొద్దిమందితో చందాలు పోగుచేసి, మీటింగులు పెట్టి, అర్జీలు రాసి, పై అధికారుల గుమ్మాలు ఎక్కి దిగడం ఎంత పనో. కొత్తగా పరీక్ష రాసే కుర్రవాళ్ళకు పాఠాలు చెప్పారు. చనిపోయినవారి కుటుంబాలను చూసుకున్నారు. వేరు మంచాల గొడవను బయటపెట్టి పోరాడారు. 1944లో నగర కౌన్సిల్ ఆ విషయం మీద విచారణ జరిపింది. మంచాల మీద విచారణా అని ఆనాడు నవ్వినవాళ్ళూ ఉండే ఉంటారు. మంచం సంగతి తేలకుండా పతకం సంగతి తేలదని ఆ సంఘంవాళ్ళకు బాగా తెలుసు. నీ పక్కన పడుకోనివాడు నీ ధైర్యానికి సాక్ష్యం చెబుతాడా?

విలియమ్స్ 1952లో రిటైరయ్యాడు. 1984లో కన్నుమూశాడు. అతని కాగితాలు నగరంలోని హార్లెమ్ పేటలో షాంబర్గ్ పరిశోధనాలయంలో భద్రంగా ఉన్నాయి. పతకాల పుస్తకంలో చోటు దొరకని విషయాలు ఎన్నో ఆ పెట్టెల్లో దొరుకుతాయి. ఆ సొసైటీకే అధ్యక్షుడుగా పనిచేసిన రాబర్ట్ లోవరీ 1966లో మొత్తం శాఖకు కమిషనరయ్యాడు. అమెరికా పెద్ద నగరాల్లో అలాంటి పదవి ఎక్కిన తొలి నల్లజాతీయుడతను.

2001 సెప్టెంబరు 11

బ్రూమ్ వీధి నుంచి ప్రపంచ వాణిజ్య కేంద్రం జంట భవనాలు రెండు కిలోమీటర్ల దూరం. ఆ ఉదయం 55వ ఇంజన్ బయలుదేరింది. వేలాదిమంది మెట్లు దిగుతుంటే, వీపు మీద గొట్టాలూ గాలి సిలిండర్లూ మోసుకుంటూ ఫైర్‌మన్లు పైకి ఎక్కారు. భవనాలు కూలాయి. ఆ ఒక్క రోజు న్యూయార్కు అగ్నిమాపక శాఖ 343 మందిని పోగొట్టుకుంది. అందులో 55వ స్టేషనువాళ్ళున్నారు. నల్లజాతివారు 12 మంది ఉన్నారు. శాఖలో అందరికంటే పై యూనిఫారం అధికారి పీటర్ గాన్సీ కూడా ఉన్నాడు. మొదటి భవనం కూలినప్పుడు బతికి బయటపడి, తనవాళ్ళను సురక్షిత స్థలానికి పంపి, తాను మాత్రం రెండో భవనం వైపే వెళ్ళాడు.

ఆ శాఖలో ఒక పాత ఆచారముంది. విధి నిర్వహణలో ఎవరైనా చనిపోతే స్టేషన్ల గంటలు అయిదేసి దెబ్బలు నాలుగు మార్లు కొడతాయి. ఆ సంవత్సరం ఆ గంటలకు విశ్రాంతి లేదు.

ఆ రోజు మరణించిన 442 మంది పోలీసు, అగ్నిమాపక, ఇతర రక్షణ సిబ్బంది కుటుంబాలకు 2005 సెప్టెంబరు 9న అమెరికా అధ్యక్షుడు సాహస పతకాలిచ్చాడు. అందరికీ ఒకే పతకం. ఎవరు ఎన్నో అంతస్తులో ఉన్నారో, ఎవరి చెయ్యి పట్టుకొని ఎవరిని దింపారో రాసేందుకు సాక్షులే మిగల్లేదు. నివేదిక లేకుండానే ధైర్యాన్ని నమ్మవలసి వచ్చిన సందర్భమది. లెక్క అక్కడితో ఆగలేదు. ఆ శిథిలాల దుమ్ము పీల్చినవాళ్ళు ఏళ్ళ తరబడి కేన్సరుతో, ఊపిరితిత్తుల జబ్బులతో పోతూ వచ్చారు. 2023 సెప్టెంబరు నాటికి అలా పోయినవాళ్ళు కూడా 343 మంది అయ్యారు. ఆ తర్వాత ఆ సంఖ్యను దాటిపోయింది. ఈ రెండో వరుసవాళ్ళు మంటలో దూకినట్టు కనబడరు, ఆస్పత్రి మంచం మీద పోయారు. వాళ్ళది కూడా ఆ రోజు ధైర్యమే.

పరీక్ష మీద పరీక్ష

పైన మేము పరీక్షను పొగిడాము. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. విలియమ్స్‌కు మెట్టుగా పనికి వచ్చిన పరీక్షే తర్వాతి కాలంలో గోడ అయింది. ఈ శతాబ్దం మొదటి దశకంలో న్యూయార్కు జనాభాలో నల్లజాతివారు సుమారు నాలుగోవంతు ఉంటే, ఫైర్‌మన్లలో వందకు నలుగురు కూడా లేరు. 2002లో వల్కన్ సొసైటీ ఫిర్యాదు చేసింది. 2007లో కేంద్ర న్యాయశాఖ కోర్టుకెక్కింది. 1999, 2002 సంవత్సరాల రాతపరీక్షలు ఫైర్‌మన్ పనికి కావలసిన సామర్థ్యాన్ని కొలవలేదనీ, పైగా నల్లజాతి, హిస్పానిక్ అభ్యర్థులను అన్యాయంగా వడకట్టాయనీ 2009లో న్యాయమూర్తి తీర్పు చెప్పాడు. 2014లో నగరం సుమారు 9 కోట్ల 80 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. పరీక్ష కొత్తగా తయారైంది.

ఈ దావాను శాఖలో చాలామంది హర్షించలేదు. ప్రమాణాలు తగ్గిస్తున్నారని వారి బాధ. పక్కవాడు బలహీనుడైతే తన ప్రాణం పోతుందని మంటలోకి వెళ్ళేవాడు భయపడడంలో తప్పు లేదు. కాని ప్రశ్న అది కాదు. పరీక్ష కొలిచింది ప్రమాణాన్నేనా, లేక ప్రమాణం పేరుతో మరోదాన్నా అని కోర్టు అడిగింది. ఉద్యోగ పరీక్షలు రాసిన, రాస్తున్న పిల్లలున్న ఇళ్ళలో ఈ ప్రశ్న విలువ వేరే చెప్పనక్కరలేదు.

పతకం పేరు మారింది

చివరగా పతకం సంగతి. మొదటి పతకానికి పేరిచ్చిన బెన్నెట్ తన పత్రికలో బానిసత్వాన్ని సమర్థిస్తూ, నల్లజాతివారిని కించపరుస్తూ రాసినవాడు. 150 ఏళ్ళు ఆ శాఖ తన శిఖరప్రాయమైన పతకాన్ని ఆ పేరుతోనే తొడిగింది. విలియమ్స్ పనిచేసినన్నాళ్ళూ అతని కళ్ళెదుట ఉన్న అత్యున్నత గౌరవం, అతనిలాంటివాణ్ణి మనిషిగా చూడని వ్యక్తి పేరు మీద ఉంది! 2020లో శాఖ ఆ పేరు తీసేసి, 2001లో నేలకొరిగిన పీటర్ గాన్సీ పేరు పెట్టింది. ఒక పత్రిక యజమాని పేరు పోయి, తనవాళ్ళను వెనక్కి పంపి తాను ముందుకు నడిచిన ఫైర్‌మన్ పేరు వచ్చింది.

పేరు మార్చితే చరిత్ర మారుతుందా అని కొందరడుగుతారు. మారదు. 1869 నుంచి ఆ పతకం సంపాదించినవాళ్ళ ధైర్యం ఒక్క రవ్వ తగ్గలేదు, తగ్గకూడదు. మారింది వాళ్ళ ధైర్యం కాదు, దాని మీద అంటించిన చీటీ. కొత్తగా చేరే కుర్రవాడు, ఏ రంగువాడైనా, ఆ పతకం వంక చూసి "ఇది నాకూ రావచ్చు" అనుకోవడానికి ఇప్పుడు అడ్డు లేదు.

మన దగ్గర

మన దేశంలోనూ ఇలాంటి జ్ఞాపకముంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో "ఫోర్ట్ స్టికీన్" అనే ఓడకు నిప్పంటుకుంది. అదే ఓడలో పత్తి బేళ్ళు, అదే ఓడలో పేలుడు పదార్థాలు! ఆర్పడానికి వెళ్ళినవారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది పేలుళ్ళలో మరణించారు. వారి స్మృతికే ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక దినం, ఆ వారమంతా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతున్నారు. రిపబ్లిక్ దినానికీ స్వాతంత్ర్య దినానికీ ప్రకటించే పతకాల జాబితాలో అగ్నిమాపక సిబ్బంది పేర్లు కూడా ఉంటాయి. పత్రికలో ఆ జాబితా సన్న అక్షరాల్లో వస్తుంది. మనలో ఎంతమందిమి చదివాము?

బ్రూమ్ వీధి కథ నుంచి మేము నేర్చుకున్నది చిన్న సంగతే. ధైర్యం మనుషుల్లో కొరతగా లేదు. దాన్ని చూసే కళ్ళూ, రాసే చేతులూ కొరత. పతకం ఇచ్చే అధికారం మనకు లేకపోవచ్చు. పేరు అడిగే హక్కు మాత్రం ఉంది. అందుకే వచ్చే ఏప్రిల్ 14న మా ఇంటి పిల్లల్ని వెంటబెట్టుకొని దగ్గరలోని ఫైర్ స్టేషనుకు వెళ్ళాలనుకున్నాము. బండి చూసి పిల్లలు ఎలాగూ సంతోషిస్తారు. మేము మాత్రం అక్కడున్నవారి పేర్లు అడిగి, ఏయే మంటలకు వెళ్ళారో చెప్పించుకొని, ఒక నోటు పుస్తకంలో రాసుకు వస్తాము. వీలయితే వచ్చే ఏడాది సంచికలో ఆ పేర్లు మీ ముందుంచుతాము.